సద్దిలో ఎల్లిపాయ కారం

ఈ రోజు మిర్యాలగూడలో ఒక బియ్యం గోదాము తెరిచాం. పురుగు పట్టకుండా వారం కిందట బస్తాల మీద పట్టాలు కప్పించి, లోపల మందు బిళ్లలు పెట్టించింది నేనే. పొద్దున మాస్కులు పెట్టుకుని పట్టాలు తీసి, రెండు గంటలు గాలి ఆడనిచ్చాం. బయట లారీ ఎదురుచూస్తోంది. హమాలీల మేస్త్రి యాదగిరి గుమ్మంలో నిలబడి గాలి పీల్చి, తన మనుషుల్ని లోపలికి రమ్మన్నాడు.

"ఆగండి, వెల్లుల్లి వాసన వస్తోంది" అన్నాను. ఆ మందు గ్యాస్ వాసన అచ్చం అలాగే ఉంటుంది.

"గది నా సద్దిల ఎల్లిపాయ కారం మేడం. ముప్పై ఏండ్ల సంది గీడనే ఉన్న, గ్యాస్ అయితే నాకు తెల్వదా?"

గ్యాస్ కొలిచే సన్నటి గాజు గొట్టం రెండు కొనలూ విరిచి, చేతి పంపుకు తగిలించి, గుమ్మంలోంచే లోపలి గాలి లాగాను. గొట్టంలోని తెల్లటి పొడి మా కళ్ల ముందే ఎర్రబడి, ఆ ఎరుపు లోపలికి వెళ్లకూడదని చెప్పే అంకె దాటింది.

యాదగిరి గొట్టాన్ని చూశాడు. నమ్మకం కుదరక, గుమ్మం బయట మేకుకు వేలాడుతున్న సద్ది డబ్బా తీసి మూత తెరిచాడు. లోపల పెరుగన్నం, రెండు చల్ల మిరపకాయలు.

"ఎనక్కి రాండ్రి! ఒక్కడు గూడ లోపలికి పోవద్దు!" అని నాకంటే గట్టిగా అరిచాడు.

సాయంత్రం కొత్త గొట్టం తెల్లగానే ఉన్నాక లోడింగ్ మొదలైంది. నా గొట్టం ఎప్పుడూ అబద్ధం చెప్పదు. కానీ ఈ రోజు ఆయన్ని ఒప్పించింది అది కాదు, వాళ్లావిడ పెట్టిన పెరుగన్నం. మీ దగ్గర కూడా "నాకు తెల్వదా" అనేవాళ్లుంటారు కదా, వాళ్లను ఏ డబ్బా మూత తీయించి ఒప్పించారో చెప్పండి.