నొప్పి వచ్చేదాకా

వీడియోలంటే నాకు మొదటినుంచీ అనుమానమే. "మూడు రోజుల్లో నొప్పి మాయం" అని పెద్దపెద్ద అక్షరాలు కనబడగానే, వీడు చివర్లో ఏ నూనె సీసా అంటగడతాడో అని ఎదురుచూస్తాను. కాగితం మీద ఉన్న మాట అయితే ఎక్కడికీ పారిపోదు. కావలసినన్నిసార్లు చదువుకోవచ్చు, తప్పుంటే వేలు పెట్టి చూపించవచ్చు.

ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన మా అమ్మకు ఆ మధ్య కుడి భుజం పట్టేసింది. కొప్పు కూడా సొంతంగా ముడుచుకోలేకపోయేది. ఎల్లారెడ్డి నుంచి బస్సులో కామారెడ్డి తీసుకెళ్లి చూపిస్తే, డాక్టరు మందులు రాసి, చేయించాల్సిన వ్యాయామాల కాగితం ఒకటి ఇచ్చాడు. ఇంట్లో చదువుకున్నవాణ్ని నేనే. రోజూ పొద్దున్నే చదువుతూ దగ్గరుండి చేయించాను. రెండో వరుసలో "నొప్పి వచ్చేదాకా చేతిని పైకి ఎత్తాలి" అని ఉంది. అమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా ఎత్తించాను. నీళ్లు రాని రోజున దొంగాట ఆడుతోందని విసుక్కున్నాను కూడా.

నెల దాటినా చేయి చెవి దాకా రాలేదు. గాంధారి నుంచి వచ్చిన చెల్లె తన ఫోను నా ముందు పెట్టింది.

"అన్నా, గీ వీడియో జర చూడు. నీ కాగితంల ఉన్నదే చేసి చూపెడుతున్నది."

తప్పు పట్టుకుందామని కాగితం చేతిలో పెట్టుకునే కూర్చున్నాను. వీడియోలో ఉన్నామె ఏ నూనే అమ్మలేదు. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది. ఆమె చేయి మెల్లగా ఎత్తింది. సగం కూడా పోకముందే మొహం కొద్దిగా చిట్లించి, "నొప్పి మొదలైంది కదా, ఇక్కడే ఆపాలి, ఇంతకు మించి వద్దు" అని దించేసింది.

వెనక్కి జరిపి మళ్లీ చూశాను. కాగితం మళ్లీ చదివాను. కాగితంలోనూ అదే ఉంది. నొప్పి దగ్గర ఆగమన్నారు. నేను నొప్పి రప్పించమన్నారని చదువుకున్నాను. నెల రోజులు చదివినా నాకు ఒక్కసారి కూడా ఇంకో అర్థం తోచలేదు.

సిగ్గుతో తల ఎత్తకుండానే అమ్మను అడిగాను.

"గంత నొస్తుంటే ఒక్క మాట అనకపోతివేంది అవ్వా?"

అమ్మ ఎడమ చేత్తో భుజం నిమురుకుంది.

"కాగితంల రాసింది తప్పెట్లయితది బిడ్డా? నా పెయ్యే, గీ భుజమే తప్పు చేస్తున్నదనుకున్న."