రెండోసారి అడగని పూట

నిన్న సాయంత్రం మా మనవరాలు పంజాగుట్ట మాల్ నుంచి ఒక కాగితం పొట్లం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. విప్పితే గొట్టంలా చుట్టి, నిప్పు సెగకు కాల్చి, పంచదార అద్దిన రొట్టె. చిమ్నీ కేక్ అంటారట, ఇప్పుడు మన దగ్గరా దొరుకుతోందట. దాని సంగతి ఆ పిల్ల పుట్టకముందే నాకు తెలుసు. ఒక ముక్క తుంచాను గానీ కూర్చుని తినలేకపోయాను. దాన్ని చేత్తో పట్టుకునే ఈ గదిలోంచి ఆ గదిలోకీ, అక్కడినుంచి బాల్కనీలోకీ తిరిగాను. బుడాపెస్ట్‌లో మేము నలుగురం కలిసి తిరిగిన శనివారం ఒకటి ఉంది. అది గుర్తొస్తే నాకు కాలు ఒకచోట నిలవదు.

నిజం చెప్పాలంటే కాలు నిలవకపోవడం మొదటినుంచీ ఉన్నదే. అమీర్‌పేటలో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఇరవై ఏళ్ళకు పైగా మెస్సు నడిపినదాన్ని. కంప్యూటర్ కోర్సుల కోసం ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వచ్చిన పిల్లలు, క్లాసుకు వేళవుతోందని ఒకరినొకరు తోసుకుంటూ పళ్ళాలతో వరసలో నిలబడితే, వడ్డించే చెయ్యి ఆగడానికి వీల్లేదు. అన్నమా, పప్పా అని ఒక్క మాట అడగడం, వద్దంటే గరిటె పక్కపిల్ల పళ్ళెం మీదికి జరపడం. మధ్యాహ్నాలు తీరిక దొరికినప్పుడు ఆ పిల్లలే, నలభై దాటిన నాచేత అక్షరాలు దిద్దించారు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది వాళ్ళ పుణ్యమే. మాది మెదక్ వైపు. మా దగ్గర ఆకలైతే పెట్టమంటారు, లేకపోతే వద్దంటారు, దానికి పైన ఇంకో అర్థం ఉంటుందని నాకు ఆ శనివారం దాకా ఎవరూ చెప్పలేదు.

మా వియ్యపురాలిది గుంటూరు వైపు. మెత్తని మనిషి, గుమ్మంలోకొచ్చిన పిల్లిని కూడా మర్యాదగా అదిలిస్తుంది. పెళ్ళయిన రెండో ఏడు మా అల్లుణ్ణి ఆఫీసువాళ్ళు ఆరు నెలల పని మీద బుడాపెస్ట్ పంపితే కూతురూ వెంట వెళ్ళింది. రెండు వారాలు ఉండిపొమ్మని తల్లులిద్దరినీ పిలిపించుకున్నారు. ఆ శనివారం పొద్దున బయలుదేరేటప్పుడు అల్లుడు నన్ను పక్కకు పిలిచాడు.

“అత్తయ్యగారూ, అమ్మ షుగర్ మాత్ర వేసుకుంది. పదకొండింటికల్లా ఏదో ఒకటి తినాలి. తనంతట తను అడగదు, మీరే చూసుకోవాలి.”

“మీకు ఆ ఫికర్ వద్దు బాబూ. వందమందికి పెట్టిన చెయ్యి ఇది” అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది.

మొదట అక్కడి పెద్ద మార్కెట్టుకు వెళ్ళాము. రైల్వే స్టేషనంత ఎత్తు కప్పు, లోపల కొట్టు కొట్టుకూ వేలాడుతున్న ఎర్రటి మిరపకాయల దండలు. వాటిని చూడగానే వియ్యపురాలికి ప్రాణం లేచొచ్చింది. ఒక దండ దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, “రంగే గానీ ఘాటు లేదండీ వదినగారూ. మా మిరప కల్లాల పక్కనుంచి నడిచిపోతేనే తుమ్ములొస్తాయి” అని నవ్వింది. మేడమీద లాంగోష్ అని, బట్టూరా అంత వెడల్పున పిండి నూనెలో కాల్చి, పైన వెల్లుల్లి నీళ్ళూ పుల్లటి మీగడా పూసి ఇస్తారు. అల్లుడు రెండు కొని మా చేతిలో పెట్టి, తామిద్దరూ మిగతా కొట్లు చూడబోయారు.

“తింటరా వదినా?” అని అడిగాను.

“అబ్బే, ఇప్పుడేం వద్దండి. మీరు కానివ్వండి.”

నేను కానిచ్చాను. ఆమె వాటా కూడా నేనే తిన్నాను, పారేయడం ఇష్టం లేక. తింటున్నంతసేపూ నా చూపు కింద వీధిలో పోతున్న పసుపుపచ్చ ట్రాముల మీదే ఉంది తప్ప ఆమె మీద లేదు. తిరిగొచ్చిన కొడుకు, అమ్మా తిన్నావా అని అడిగితే, అయిందిరా అనేసింది. నేను సరిగా పెట్టలేదని కొడుకు ముందు అనడం ఆమె మర్యాదకు తగదు. నేనేమో, పొద్దున తిన్న బ్రెడ్డు చాలిందేమో, ఆమె కడుపు ఆమెకు తెలియదా అనుకున్నాను.

ఆ తరవాత అందరినీ పరుగులు పెట్టించింది నేనే. రోజంతా ఏ ట్రామైనా ఎక్కగలిగే పాసు మెడలో ఉండగా బెంచీల మీద కూర్చోవడమేమిటని నా బాధ. నది ఒడ్డున ట్రాములో పోయాము, కొండ మీది కోట చూశాము, తెల్లని బురుజుల మీదినుంచి డాన్యూబ్ నదిని చూశాము. వియ్యపురాలు రెండుచోట్ల కూర్చోబోయింది. రెండుచోట్లా, ఇంకా వంతెన చూడాలి, పదండి పదండి అని లేవదీశాను. నా సంచిలో అటుకుల చుడువా డబ్బా ఉంది. కొండ మీద మూత తీసి ఆమె ముందు పెట్టాను, చెయ్యి అడ్డం ఊపింది, మూత పెట్టేశాను.

వంతెన దగ్గరికి వచ్చేసరికి రెండు దాటింది. పిల్లలిద్దరూ ఫోటోలు తీసుకుంటూ ముందుకు వెళ్ళిపోయారు. చల్లగాలి కొడుతుంటే వియ్యపురాలి నుదుటి మీద చెమట. వదినగారూ, కాస్త... అని కమ్మీ పట్టుకుని అక్కడే కూలబడింది. చేతులు వణుకుతున్నాయి, కళ్ళు నా మీద నిలవడం లేదు. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండి క్లాసుకు పోయి తూలిపడ్డ పిల్లల్ని ఎంతమందిని చూశానో, నాకు వెంటనే అర్థమైంది. నోటికి ఏదైనా తీపి అందాలి. నా దగ్గర ఉన్నది ఎండు చుడువా. సరిగ్గా అప్పుడే ఒక తెల్లావిడ ఈ చిమ్నీ కేక్ చేత్తో పట్టుకుని మా పక్కనుంచి పోతోంది. ఆమెను అడగలేదు, లాక్కున్నాను. వియ్యపురాలినీ అడగలేదు. ముక్క తుంచి, పంచదార ఉన్నవైపు నోట్లో పెట్టి, మింగమన్నాను. తెల్లావిడ మొదట నోరు తెరిచి చూసి, తరవాత మోకాళ్ళ మీద కూర్చుని తన సంచిలోంచి పళ్ళరసం సీసా తీసి మూత తిప్పి ఇచ్చింది. ఆమె భాష నాకు రాదు, నాది ఆమెకు రాదు.

పావుగంటకు వణుకు తగ్గింది. ఈలోపు పిల్లలు పరుగెత్తుకొచ్చారు. అల్లుడు నావైపు చూడకుండా తల్లి నుదురు తుడిచాడు. ఆసుపత్రికి పోదామంటే ఆమె ససేమిరా అంది. వాళ్ళిద్దరూ టాక్సీ చూడబోతే, మేమిద్దరం నది ఒడ్డున బెంచీ మీద మిగిలాము.

“ఆకలైతున్నదని ఒక్క మాట చెప్తే ఏం పాయె వదినా?”

“ఒక్కసారి అడిగితే ఎలా తింటామండీ? రెండోసారి అడుగుతారు కదా అని చూశాను.”

“మా దిక్కు వద్దంటే వద్దే.”

“మా వైపు మొదటిసారి వద్దనకపోతే తిండిపోతు అంటారండి.” కొంచెం కొంటెగా అడిగింది. “అవునుగానీ, మీ మెస్సులో మా వైపు పిల్లలు ఎలా బతికారండీ?”

ఆమె వేళాకోళానికే అంది. నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఉండగానే మెస్సులో పళ్ళాల వరస కళ్ళముందుకొచ్చింది. మా వరసలో సగం మంది కోస్తా పిల్లలే. ఇల్లు వదిలి మొదటి వారం వచ్చినవాళ్ళు, కళ్ళు కిందికి దించుకుని, చాలాంటీ, వద్దాంటీ అనేవాళ్ళు. వద్దన్న మాట పూర్తి కాకముందే గరిటె పక్కకు జరిపినదాన్ని నేను. అక్షరాలు నేర్పినవాళ్ళలోనూ అలాంటివాళ్ళు ఉండే ఉంటారు. ఇరవై ఏళ్ళలో ఎంతమంది సగం కడుపుతో పైకెళ్ళి పడుకున్నారో. అది మొదలు ఈ ఆలోచన నన్ను కూర్చోనివ్వదు.

వియ్యపురాలు ఇప్పుడు ఎర్రగడ్డలో ఉంటోంది. మా ఇంటికొస్తే చెప్పులు విప్పుతూనే, ఆకలేస్తోంది వదినగారూ అని కేకేస్తుంది. నేనేమో ఎవరొచ్చినా మూడుసార్లు అడిగి విసిగిస్తానని మా కూతురు కోప్పడుతుంది. మా ఇద్దరి సంగతీ అలా సర్దుకుంది.

మెస్సు మూతపడి చాలాకాలమైంది. ఆ హాస్టళ్ళ సందులో ఇప్పటికీ పిల్లలున్నారు గానీ, పొద్దుగూకితే గేటు ముందు తిండి తెచ్చే బళ్ళు ఆగుతాయి, పైనుంచి ఒక్కొక్కరే దిగొచ్చి ఎవరి డబ్బా వాళ్ళు పట్టుకుపోతారు. అడిగేవాళ్ళు లేరు కాబట్టి వద్దనాల్సిన పనీ లేదు; అదే నయమేమో, నాకు తెలియదు. మొన్న అటుగా నడుస్తుంటే ఒక కొత్త పిల్ల ఖాళీ చేతులతో మెట్ల మీద కూర్చుని ఉంది. తిన్నవా బిడ్డా అని అడిగాను. తిన్నానాంటీ అంది. నిజంగా తిన్నవా అన్నాను. చెవిలో ఏదో పెట్టుకుని ఉంది, వినబడలేదనుకుంటాను, లేచి మెట్లెక్కి వెళ్ళిపోయింది. పై అంతస్తులో లైటు వెలిగేదాకా నేను ఆ గేటు దగ్గరే అటూ ఇటూ నడిచాను.