పసుపు దంచే వేళ బయటపడ్డ అబద్ధం

మాది గుడివాడ. రెండేళ్ళ కిందట మా అమ్మాయి సుధ విడాకులు తీసుకుని ఇంటికి వచ్చేసింది. అడిగినవాళ్ళకి నేను మాత్రం "అల్లుడుగారు కువైట్‌లో ఉన్నారండీ" అని చెప్పేదాన్ని. సంగతి ఎక్కడ బయటపడుతుందోనని దాన్ని ఏ శుభకార్యానికీ తీసుకెళ్ళేదాన్ని కాదు.

మొన్న పెడనలో మా అన్నయ్య కూతురి పెళ్ళికి మాత్రం సుధ నా మాట వినకుండా వచ్చింది. పసుపు దంచే వేళకి మా వదిన, "ఐదుగురిలో ఒకరు తగ్గారు. సుధా, రావే" అని పిలిచింది. ఆ రోకలి ముత్తయిదువలే పట్టాలంటారు. రేపు పెళ్ళిలో ఏ తేడా వచ్చినా నా పిల్లనే అంటారని నా భయం.

"దానికి చెయ్యి నొప్పి వదినా" అన్నాను.

"నొప్పేం లేదత్తయ్యా. నాకు విడాకులైపోయాయి. అమ్మ చెప్పలేక తంటాలు పడుతోంది" అంది సుధ నిదానంగా.

నేను తలెత్తలేదు.

మా వదిన పసుపు కొమ్ములు రోట్లో పోస్తూ, "తెలుసులేవే. మీ అమ్మ ఎప్పుడు చెబుతుందా అని చూస్తున్నా. దంచడానికి చేతులు కావాలిగానీ మొగుడెందుకు? పట్టు" అంది.

"రెండేళ్ళలో కువైట్ నుంచి ఒక్క ఖర్జూరం పండైనా రాలేదు, మాకు అనుమానం రాదా అమ్మా?" అంది గుడివాడ నుంచి మాతో వచ్చిన పక్కింటి పిన్నిగారు. అందరూ ఒకటే నవ్వు. నవ్వుతూనే సుధ రోకలి అందుకుంది.

నేనూ నవ్వాను గానీ కళ్ళు తడిశాయి. లోకం నా బిడ్డను పక్కన పెడుతుందని భయపడ్డాను. రెండేళ్ళూ దాన్ని పక్కన పెట్టింది నేనే.