లేసు ఇంట్లో వైర్‌లెస్‌కి తాళం

నరసాపురం వెళ్లేవాళ్లు గోదావరి రేవు చూడడానికో, లేసు కొనడానికో వెళ్తారు. నేను మా పిన్ని ఇంట్లో వైర్‌లెస్ నెట్‌కి తాళం వేయడానికి వెళ్లాను. పిన్నిది లేసు ఎగుమతి వ్యాపారం. కిందటేడు ఆవిడ కొత్త నమూనా, సరుకు ఓడెక్కకముందే మరొకరి దగ్గర కనిపించింది. నెట్‌కి పాస్‌వర్డ్ లేకపోవడం వల్లే పోయిందని నా అనుమానం. ఈసారి నమూనాలు చూడడానికి చెన్నై ఏజెంటు మధ్యాహ్నం మూడింటికి వస్తున్నాడు. ఈ ఆర్డరూ చేజారితే పిన్నికి అల్లిపెట్టే ఆడవాళ్లకు ఈ ఏడాది పని ఉండదు.

పొద్దున్నే రాజమండ్రిలో పాసింజరు ఎక్కి, నిడదవోలులో బండి మారి, భీమవరం మీదుగా పదిన్నరకు దిగాను. దారి పొడవునా చేపల చెరువులున్నాయట, నేను తలెత్తి చూస్తేగా! ఒళ్లో రౌటర్ మాన్యువల్, కళ్లు దాంట్లోనే. స్టేషన్ బయట ఆటోకి పదిహేను రూపాయలు.

"సంచిలో ఏంటండీ, అంత జాగ్రత్తగా పట్టుకున్నారు?" అన్నాడు ఆటో అతను.

"కంప్యూటర్ వైరండీ."

"ఇప్పుడు వైరు లేకుండానే వచ్చేస్తుందంట కదండీ?"

"వస్తుందండీ. అందుకే భయం."

పిన్ని ఇంట్లో రెండు కంప్యూటర్లు. నమూనాలు స్కాన్ చేసేది విండోస్ ఎక్స్‌పీ. లెక్కల గదిలోది విండోస్ 98, దానికి అర్థమయ్యే తాళం పాతకాలపు వెప్ ఒక్కటే. వెప్ పెడితే అన్నీ కలుస్తాయి, కానీ లాప్‌టాప్ పట్టుకుని గోడ పక్కన కాసేపు కూర్చుంటే ఎవరైనా విప్పేస్తారు. అన్నిటికంటే గట్టిదైన డబ్ల్యూపీఏ2 పెడితే ఎక్స్‌పీ కూడా మొరాయించింది. స్కాన్ చేసిన నమూనాలు ఏజెంటు తన లాప్‌టాప్‌లో చూడాలి, అది ఎలాంటిదో తెలియదు. పన్నెండున్నరైనా ఏదీ తేలలేదు. పిన్ని పులస చేప పులుసు వడ్డిస్తే, మాన్యువల్ పక్కన పెట్టుకునే తిన్నాను.

చివరికి మధ్యలో ఉన్న డబ్ల్యూపీఏ ఎంచుకున్నాను. ఎక్స్‌పీలో సర్వీస్ ప్యాక్ వేశాక అది కలిసింది. 98ని వైర్‌లెస్ నుంచి తీసేసి, తెచ్చిన వైరుతో నేరుగా రౌటర్‌కి తగిలించాను. పెద్ద పాస్‌వర్డ్ పెట్టి, పిన్నికి చెప్పి, కాసేపాగి మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను.

అక్కడ పిన్ని పిట్టగోడ దగ్గర నిలబడి ఉంది. అవతల పక్కింటి సుబ్బలక్ష్మి గారు.

"పొద్దుటి నుంచి మాకు నెట్ రావట్లేదండీ. మీకొస్తుందా?"

"మా అమ్మాయి ఏదో మాట పెట్టిందండీ. రాసుకోండి, చెప్తాను." ఒక్కో అక్షరమూ విడమరిచి చెబుతోంది మా పిన్ని.

సుబ్బలక్ష్మి గారు వెళ్లేదాకా ఆగి, పిన్నిని లోపలికి లాక్కొచ్చాను. "ఎందుకు చెప్పావు పిన్నీ?"

"ఇన్నాళ్లూ మన నెట్టే వాడుకుంటున్నారంటమ్మా. నోరు తెరిచి అడిగితే లేదంటామా?"

"వాళ్లదీ లేసు వ్యాపారమే కదా!"

పిన్ని మంచం మీద కూర్చుని కొంగు అంచు సరిచేసుకుంది. కోపంగా మాట్లాడానేమోనని నాకు బాధేసింది. కానీ రెండున్నర కావస్తోంది. పాస్‌వర్డ్ మార్చి, ఎక్స్‌పీలో మళ్లీ కొట్టాను. కొత్తది చెప్పబోతుంటే పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు చెప్పకమ్మా. తెలిస్తే లేదనలేను."

ఏజెంటు మూడుంపావుకి వచ్చాడు. ఆయన లాప్‌టాప్‌లో పాస్‌వర్డ్ నేనే కొట్టాను. అది కలిసింది. సాయంత్రానికి ఆర్డరు ఖాయమైంది.

కిందటేడు నమూనా ఆ గోడ మీదుగానే పోయిందని నేను చెప్పలేను, బహుశా ఎప్పటికీ తెలియదు. తిరుగు బండిలో నన్ను తొలిచింది అది కాదు. నావల్ల ఇరుగుపొరుగుల మధ్య ఒక అడ్డు వచ్చింది. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే: బయలుదేరే ముందే ఫోన్ చేసి, ఆ ఇంట్లో అన్నిటికన్నా పాత కంప్యూటర్ ఏదో, దానికి ఏ తాళం అర్థమవుతుందో కనుక్కోండి, సంచిలో పొడుగాటి వైరు పెట్టుకోండి. ఇంటికి కొత్తవాళ్లు లాప్‌టాప్‌తో వస్తే పిన్ని ఇప్పటికీ నాకు ఫోన్ చేసి, రిసీవర్ వాళ్ల చేతికిచ్చి, తను వరండాలోకి వెళ్లిపోతుంది.