కవలలు ఒక్కరైపోయిన పూట

ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు జీతాల విభాగానికి తప్ప మరెవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ సర్వరమ్మ. ఆ పేరు వాళ్ళ అత్తగారి పుణ్యం. "మా కోడలు ఆసుపత్రిలో సర్వర్లను చూసుకుంటుంది" అని ఆ పెద్దావిడ పక్కింటివాళ్ళకు గొప్పగా చెప్పింది. సర్వర్లంటే కంప్యూటర్లని తెలియక వాళ్ళు క్యాంటీన్లో వడ్డించేవాళ్ళ మీద అజమాయిషీ కాబోలనుకున్నారు. ఒకసారి ఎవరినో పరామర్శించడానికి వచ్చి, నేరుగా క్యాంటీన్‌కు వెళ్ళి ఆవిడ కోసం వాకబు చేశారు. సాయంత్రానికల్లా ఆ కథ వార్డులన్నీ చుట్టేసింది. పేరు అతుక్కుపోయింది.

ఆవిడ చేరింది టైపిస్టుగా. రోగుల పాత కేసు కాగితాలను చూసి కంప్యూటర్లోకి ఎక్కించడం పని. ఆ కంప్యూటర్లలోని సాఫ్టువేరు ఏ కంపెనీదీ కాదు. లోకంలో ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, కావలసినట్లు మార్చుకోవచ్చు అని బయట పెట్టినది. ఊరికే వస్తుంది గనకే ఆసుపత్రి తీసుకుంది. చెడిపోతే ఫోన్ చేసి తిట్టడానికి ఎవరూ ఉండరన్న సంగతి తరువాత తెలిసింది. మొదటిసారి అది మొరాయించి అందరూ చేతులెత్తేసినప్పుడు, సర్వరమ్మ దాని లోపలి రాత తెరిచి చదవడం మొదలుపెట్టింది. కూర పొయ్యి మీద, ప్రోగ్రామింగు పుస్తకం గట్టు మీద. లిఫ్టులు బాగుచేసే ఆవిడ భర్త, "నువ్వు చదువుతుంటే నాకు అర్థమయ్యేది ఒక్కటే, కూర మాడుతోందని" అనేవాడు.

చదివింది, నేర్చుకుంది. నేర్చుకున్నాక ఊరుకోలేదు. పసిపిల్లల వార్డుకు ఒక పేజీ, టీకాలకు ఒకటి, డాక్టర్లు అడిగినప్పుడల్లా మరొకటి తగిలిస్తూ పోయింది. అలా ఏళ్ళు గడిచేసరికి ఆసుపత్రిలోని సాఫ్టువేరు, లోకమంతా వాడే అసలు సాఫ్టువేరు ఒక తల్లి పిల్లలంటే ఎవరూ నమ్మనంతగా వేరైపోయాయి. అక్కడ వచ్చే మెరుగులు ఇక్కడ పనికిరావు. పైగా లక్షల మంది వివరాలు దాచిన పాత యంత్రం ముసలిదైపోయింది. ఒక డిస్కు పోయింది, ఇంకొకటి గరగరమంటోంది. అలాంటివి ఇప్పుడెవరూ తయారుచేయడం లేదు. ఉన్న వివరాలన్నీ కొత్త డేటాబేసులోకి తరలించి, సాఫ్టువేరును కొత్త వెర్షన్‌కు మార్చాల్సిందేనని సూపరింటెండెంటు తేల్చాడు. ఆ బాధ్యత సర్వరమ్మ నెత్తిన పడింది. నిజం చెప్పాలంటే ఆవిడే అడిగి తీసుకుంది.

ఏడాది పాటు ఆవిడకు అదే లోకం. పాత వివరాల్లో చెత్త చాలా ఉంది. ఒకే రోగి రెండు మూడు చోట్ల నమోదై ఉన్నాడు. పేర్ల మధ్యలో పొరపాటున పడిన అంకెలున్నాయి. ఇలా ఒకటికి రెండుసార్లు ఉన్నవాళ్ళను పట్టుకుని కలిపేసే పనిముట్టు ఆ సాఫ్టువేరుతోనే వస్తుంది. పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు, చిరునామా అన్నీ ఒకటే అయితే ఒకే మనిషి కింద లెక్కకట్టి కలిపేస్తుంది. రెండుచోట్లా వేర్వేరు వివరాలుంటే తాజాది ఉంచుకుంటుంది. దానికి పని సులువు కావాలని ఆవిడ ముందు ఒక చిన్న నియమం రాసింది: పేర్లలో అంకెలుంటే తీసెయ్. ఒక్క వరుస. రాసినప్పుడు ముచ్చటగా కూడా అనిపించింది.

ఆదివారం తరలింపు పూర్తయింది. సోమవారం పొద్దున ఆసుపత్రి అంతా కొత్త తెరల మీద పని మొదలుపెట్టింది. మధ్యాహ్నం పై అధికారులు చూడడానికి రాబోతున్నారని సూపరింటెండెంటు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. సర్వరమ్మ తన గదిలో టీ తాగుతూ ఉండగా ఫోను మోగింది. పసిపిల్లల వార్డు హెడ్ నర్సు. ఏ మాటైనా వేళాకోళంగా తప్ప చెప్పలేని మనిషి.

"ఏమ్మా, నా దగ్గర పదకొండు మంది పిల్లలున్నారు. నీ తెరమీద పదిమందే. ఒకణ్ణి ఎక్కడ దాచావు?"

మాట వేళాకోళమే గానీ గొంతులో నవ్వు లేదు.

"మళ్ళీ ఒకసారి లెక్కపెట్టండక్కా."

"పెట్టకుండా ఫోన్ చేస్తానా? కవలలిద్దరూ నా ఎదురుగానే ఉన్నారు. తెరమీద ఒక్కడే. పెద్దవాడి బరువు, చిన్నవాడి మందు కలిపి ఒకటే చీటీ వచ్చింది. మోతాదేంటి ఇంత ఎక్కువుందని సిరంజి పక్కన పెట్టించాను. ఆ చిన్నోడు గుప్పెడంత లేడమ్మా."

సర్వరమ్మకు వెంటనే అర్థమైంది. ఇంకా పేరు పెట్టని పిల్లలను తల్లి పేరుతోనే రాస్తారు. కవలలైతే ఫలానా ఆవిడ బాబు 1, బాబు 2. తాను రాసిన నియమం ఆ ఒకటినీ రెండునూ తుడిచేసింది. ఆ తరువాత పేరు ఒకటే, పుట్టిన తేదీ ఒకటే, ఫోనూ ఇల్లూ ఒకటే. పనిముట్టు తన పని తాను చేసింది.

"అక్కా, ఆ మందు వద్దు. తెరమీద ఏమున్నా నమ్మకండి. అన్నీ కాగితం మీదే రాసుకోండి" అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక ఇంకొకటి తట్టింది. ఈ ఇద్దరే కాదు. ఈ ఆసుపత్రిలో పుట్టిన కవలలు ఎంతమందో. పేరు పెట్టాక కూడా చాలామంది తల్లులు కార్డు మార్పించుకోరు. బళ్ళో చేరే వయసొచ్చినా పిల్లాడు ఇక్కడ బాబు 2గానే ఉండిపోతాడు.

కలిసిపోయినవాళ్ళలో ఈరోజు ఆసుపత్రిలో ఉన్నవాళ్ళెవరో చూపించమని కంప్యూటర్ను అడిగింది. తొందరలో రెండుసార్లు తప్పు టైపు చేసింది. పసివాళ్ళ వార్డులోని జంట కాక ఇంకొక్క వరుస వచ్చింది. నాలుగేళ్ళ బాబు, హెర్నియా ఆపరేషన్, థియేటర్లో ఉన్నాడు. పడని మందులు: లేవు.

పాత యంత్రాన్ని ఆవిడ ఇంకా ఆపలేదు, అందరికీ అందకుండా దారి మూసి ఉంచిందంతే. అందులో ఆ పేరు వెతికితే అన్నదమ్ములిద్దరూ విడివిడిగా వచ్చారు. తమ్ముడి వివరాల్లో పడని మందులు అన్నచోట ఒక మందు పేరు ఎర్ర అక్షరాల్లో ఉంది. ఆపరేషన్‌కు ముందు చీము పట్టకుండా ఇచ్చే మందు సరిగ్గా అదే. మొన్నీమధ్య జ్వరంతో వచ్చింది వాడి అన్న. అన్నకు పడని మందులేమీ లేవు. అన్న వివరమే తాజాది. తాజాదే నిలిచింది.

థియేటర్‌కు ఫోన్ చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. లిఫ్టు దగ్గర స్ట్రెచరు, దాని చుట్టూ జనం. చెప్పులు విడిచేసి మెట్లమీద పరుగు తీసింది.

థియేటర్ బయట బెంచీ మీద ఒకతను పిల్లాడి చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"లోపలున్నది మీవాడేనా? కవలల్లో చిన్నవాడు?"

"అవును మేడం. ఏమైంది?"

"వాడికి పడని మందుందని మీరు లోపల చెప్పారా?"

"అడిగారు మేడం. అంతా కంప్యూటర్లో ఉందండీ, ఇదివరకే రాయించాం అన్నాను. చూసుకుంటాం అన్నారు." అతను లేచి నిలబడ్డాడు. "ఉంది కదా మేడం?"

ఆవిడ లోపలికి పోకూడదన్న బోర్డును దాటి, తలుపు తోసి, మాస్కు లేకుండా, రొప్పుతూ అరిచింది. "ఆ మందు ఇవ్వకండి! ఆ పిల్లాడికి పడదు!"

మత్తు ఇచ్చే డాక్టరు చేతిలో సిరంజి ఉంది. మందు మూడోవంతు అప్పటికే లోపలికి వెళ్ళింది. ఆమె ఠక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. "తెరమీద లేవని ఉందే?" అంది.

"తెర తప్పండీ."

ఇంతలోనే పిల్లాడి మెడమీద దద్దుర్లు లేస్తున్నాయి. పెదవులు ఉబ్బుతున్నాయి.  ఎవరో ఆవిడను భుజం పట్టుకుని బయటికి నెట్టి తలుపు వేశారు.

బయట ఆ తండ్రి. లోపలినుంచి గబగబా అడుగులు, యంత్రం కూతలు, "ఇంకో డోసు" అన్న మాట. అతను చొక్కాను పిండుతున్నాడు.  అలా ఎంతసేపు నిలబడిందో ఆవిడకు ఇప్పటికీ తెలియదు. చివరికి తలుపు తీసుకుని మత్తు డాక్టరు వచ్చింది.

"ఊపిరి బాగానే అందుతోంది. గండం గడిచింది. ఆపరేషన్ మాత్రం ఇవాళ చేయం."

అతను బెంచీ మీద కూర్చుని చొక్కా ముడతలు సాపు చేశాడు. అప్పటికి కబురంది సూపరింటెండెంటు కూడా వచ్చాడు. సర్వరమ్మ ఇద్దరి ముందూ చెప్పింది. "మీ పిల్లలిద్దరి వివరాలూ కొత్త కంప్యూటర్లో ఒక్కరివిగా కలిసిపోయాయి. అలా కలవడానికి కారణం నేను రాసిన ముక్క. తప్పు నాది."

తండ్రి లేచి ఆవిడ ఎదురుగా వచ్చాడు.

"మీరు పరుగెత్తుకుంటూ రాకపోయుంటే ఈపాటికి నేనేం చేసేవాణ్ణో నాకే తెలీదు" అన్నాడు. "వచ్చారు కాబట్టి నోరు మూసుకుంటున్నాను. అంతే. క్షమించానని మాత్రం అనుకోకండి."

"అనుకోనండీ."

సూపరింటెండెంటు ఆవిడను పక్కకు పిలిచాడు. "ఇప్పుడేం చేద్దాం అమ్మా?"

"పాతదానికి వెళ్ళిపోదాం సార్. ఇప్పుడే."

"మధ్యాహ్నం అధికారులు వస్తున్నారు."

"రానివ్వండి సార్. ఇంకా ఎవరు ఎవరితో కలిసిపోయారో నాకే పూర్తిగా తెలియదు."

ఆయన కొత్త చొక్కా కాలరు సవరించుకున్నాడు, మళ్ళీ సవరించుకున్నాడు. తరువాత ఫోను తీసి, రావద్దని తనే చెప్పాడు.  గరగరలాడే పాత యంత్రానికి మళ్ళీ దారి తెరిచారు. పొద్దుటినుంచి కొత్త తెరలమీద రాసినదంతా ప్రతి వార్డువాళ్ళూ పాతదానిలో మళ్ళీ ఎక్కించారు. పసిపిల్లల వార్డు హెడ్ నర్సు తన డ్యూటీ అయిపోయినా ఇంటికి పోలేదు.

ఇంట్లో ఆవిడ అన్నం కెలుకుతూ కూర్చుంటే అత్తగారు, "ఉప్పెక్కువైందా?" అని అడిగింది. అప్పుడు ఏడ్చింది. అంతా విన్నాక భర్త అన్నాడు: "లిఫ్టు తలుపు తెరుచుకుని లోపల లిఫ్టు లేదనుకో. మేం ముందు ఆ తలుపు దగ్గర ఒక మనిషిని నిలబెడతాం. తరువాత అదే రకం లిఫ్టులు ఇంకెక్కడ బిగించామో అక్కడికి పరుగెడతాం. తప్పెవరిదనేది ఆఖర్న."

మర్నాడు ఆవిడ, ఇంటర్నెట్‌లో ఆ సాఫ్టువేరు వాడేవాళ్ళందరూ చూసే చోట జరిగినదంతా రాస్తానంది. సూపరింటెండెంటు గతుక్కుమన్నాడు.

"మన పరువు మనమే లోకానికంతా చాటుకోవాలా అమ్మా?"

"ఆసుపత్రి పేరు రాయను సార్. నా పేరు రాస్తాను. ఆ కలిపే పనిముట్టు నాది కాదు, అందరిదీ. అంకెలు తీసెయ్యాలన్న తెలివి నాకొక్కదానికే పుట్టి ఉండదు."

రాసింది. మొదటి జవాబు ఒక పెద్దమనిషిది: ఇలాంటివాళ్ళ చేతికి ఆసుపత్రులు ఎలా ఇస్తారని. అది చదివి రోజంతా ఆ పేజీ మళ్ళీ తెరవలేదు. తరువాత జవాబులు ఒకటొకటిగా వచ్చాయి. ఎక్కడో ఉన్న ఒక ప్రసూతి ఆసుపత్రి అలాంటి తరలింపే పెట్టుకుని, ఆవిడ రాసినది చూసి ఆపేసింది. తీరా చూస్తే వాళ్ళూ అంకెలు తీసేస్తున్నారట. ఇంకొకరు కవలలను విడిగా గుర్తుపట్టే ఏర్పాటు రాసి పంపారు. దానిలో ఆవిడ రెండు తప్పులు పట్టుకుంది. అలా అందరూ తలా ఒక చెయ్యి వేసి ఆ పనిముట్టునే మార్చారు. ఇప్పుడది ఎవరినీ తనంతట తాను కలపదు. వీళ్ళిద్దరూ ఒకరేనేమో చూడండి అని చూపించి ఊరుకుంటుంది. కలపాల్సింది మనిషి.

ఆసుపత్రి ఆవిడకు మెమో ఇచ్చింది. ఆ ఏడు జీతం పెరగలేదు. రెండోసారి తరలింపుకు ముందు ఆవిడ ప్రతి వార్డునుంచి ఒకరిని పిలిచి, తమకు బాగా తెలిసిన రోగుల వివరాలు కొత్త తెరమీద చూసి తప్పులు పట్టమంది. పట్టారు. చాలా పట్టారు. పట్టినప్పుడల్లా తల కొట్టేసినట్లయ్యేది, దిద్దుకునేది. చివరికి మారిన రోజున ఆవిడ పొద్దుటినుంచి ఫోను పక్కనే కూర్చుంది. ఒక ప్రింటరు పనిచేయడం లేదన్న ఫిర్యాదు తప్ప మరేమీ రాలేదు. అయినా వారం రోజులపాటు ఫోను మోగినప్పుడల్లా మళ్ళీ ఎవరు కలిసిపోయారో అనుకునేది.

ఆ నెలలోనే ఆ బాబుకు ఆపరేషన్ పెట్టారు. ఈసారి తండ్రి ఎవరినీ వదల్లేదు. మావాడికి ఫలానా మందు పడదని డాక్టర్లకు చెప్పాడు, నర్సులకు చెప్పాడు, స్ట్రెచరు తోసే అతనికి చెప్పాడు, నేల తుడిచే ఆవిడక్కూడా చెప్పాడు. ఆపరేషన్‌కు ముందు సర్వరమ్మ గది వెతుక్కుంటూ వచ్చాడు.

"నేను కళ్ళారా చూడాలి మేడం."

ఆవిడ తెరను అతనివైపు తిప్పింది. అతను వేలు పెట్టుకుని అక్షరం అక్షరం చదివాడు. ఎర్ర రంగు గీత దగ్గర ఆగాడు.

"పెద్దోడిది కూడా చూపించండి."

చూపించింది. అదీ చదివాడు. జ్వరమొచ్చిన తేదీ ఒకరోజు తేడాగా ఉందన్నాడు. ఆవిడ పాత కాగితం తీయించి చూసి, అతను చెప్పిందే సరైనదని దిద్దింది. అతను దిద్దిన గీత కూడా చదివాకే లేచాడు.

"సరే" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "మధ్యాహ్నం మావాడు బయటికొచ్చాక కబురు చెప్పనా?" అని అడిగాడు.

"చెప్పండి" అంది సర్వరమ్మ. "ఫోన్ వద్దు, మనిషిగా వచ్చి చెప్పండి."