దూరం చెప్పే దుర్భిణి

2016 మాఘమాసం, శుక్రవారం, పొద్దున్న ఆరుంబావు. ముందురోజు సాయంత్రం సముద్రంలో దించిన వల కోసం పడవలో వెతుకుతున్నాం. ఆ వల మా బావది. అతనికి ఉన్నది అదొక్కటే.

దీనికంతటికీ మూలం మా అల్లుడు కొన్న దుర్భిణి. కంటికి పెట్టుకుని మీట నొక్కితే ఎదురుగా ఉన్నది ఎన్ని గజాల దూరమో అంకె చూపిస్తుంది. అడవి వేటగాళ్ల కోసం చేసిన వస్తువు. అల్లుడు వారం రోజులు సెల్‌ఫోన్‌లో అవే చూశాడు. ఒకటి ఆరువందల గజాల దాకా చెబుతుందట, ఒకటి వెయ్యి దాకా. ఒకటి తడిస్తే పాడవుతుంది, ఒకటి పాడవదు. ఏది మంచిదని నన్నడిగాడు. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి, తెలుగైతే కూడబలుక్కుంటాను. అక్కడున్నది ఇంగ్లీషు. నాకర్థమైంది జింక బొమ్మ ఒక్కటే.

"ఒరే, మన సముద్రంలో జింకలు తిరగతన్నాయేటిరా?"

"తడిసినా పాడవనిది, వెయ్యి గజాలది తెప్పిస్తాను మావా. ఇంక కొండలూ తాడిసెట్లూ సూసుకోనక్కర్లేదు."

మా పద్ధతి పాతది. వల దించినచోట వెనక్కి తిరిగి ఒడ్డుకేసి చూస్తాం. గుడి గోపురం ఏ కొండకొమ్ము కిందికొచ్చింది, ఒంటి తాడిచెట్టు ఏ ఇంటి పక్కకొచ్చింది అని. మర్నాడు ఆ రెండూ అలాగే కుదిరేదాకా పడవ నడుపుతాం. దొంగల భయానికి వలకు జెండా కట్టం. పైన చిన్న బెండుముక్క తేలుతుంది, అంతే. గురుతు తప్పితే అది దొరకదు.

గురువారం సాయంత్రం అల్లుడు ఒడ్డునున్న సరుగుడు తోటకేసి దుర్భిణి పెట్టి "ఏడొందల నలభై!" అని అరిచాడు. బావ వల దించేశాడు.

పొద్దున్న ఒకచోట ఏడువందల నలభై వచ్చింది. బెండు లేదు. తోట వెంబడే అరమైలు జరిగాం. అక్కడా ఏడువందల నలభయ్యే.

"తోట మైలు పొడుగున్నాది కదరా! ఏ సెట్టుకి కొలిసావు?" బావ గొంతు పోయేలా అరిచాడు.

"తోటకే కొలిసాను మావా. సెట్టు సూడలేదు."

"ఆ జింకల్నే వచ్చి నా వల తియ్యమను!"

నాకు ఒళ్లు మండిపోయింది. అల్లుణ్ణి తిట్టడానికి నోరు తెరిచేలోపు బావ నామీదికి తిరిగాడు. "ముప్పయ్యేళ్లుగా తిరగతన్నావు కదా బావా. గోపురం ఏ కొమ్ము కిందున్నాదో నువ్వు సెప్పు."

ముందురోజు వల దించేటప్పుడు అంకె ఎలా పడుతుందో చూద్దామని నేనూ ఆ దుర్భిణికే కన్ను అంటించాను మరి.

ఎండ ముదిరేదాకా తిరిగి ఉత్త పడవతో వచ్చాం. వల దించుతూ కొండకేసి చూడనివాళ్లమూ, ఆ పొద్దున్న పడవలో వెతికినవాళ్లమూ అదే ముగ్గురం: మా అల్లుడు, మా బావ, నేను.