రెండు మొహాలు, ఒక్క గొంతు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పగ కూడా ఒక మనిషిలా మాతోపాటే కూర్చుని అన్నం తినేది. నెల్లికుదురు దగ్గరి మా ఊళ్ళో మా బాపుకూ, ఆయన అన్న పెద్దబాపుకూ కలిపి ఒకటే బావి. నీళ్ళ వంతు దగ్గర మొదలైన మాట గొడ్డళ్ళు బయటికి తీసేదాకా పోయింది. ఆ తరువాత పెద్దబాపు పేరు మా ఇంట్లో తిట్టు లేకుండా పలికిన రోజు నాకు గుర్తు లేదు.

ఆ ఏడు బడి వార్షికోత్సవానికి మా చరిత్ర సారు గ్రీకుల పద్ధతిలో నాటకం వేయిస్తానన్నారు. పూర్వం అక్కడ దేవుడి పండుగకు ఒక గుంపు చిందేస్తూ పాడేదట. అందులోంచి ఒకడు విడిగా నిలబడి గుంపుకు జవాబు చెప్పడంతో నాటకం పుట్టిందట. ఆ విషాద నాటకానికి వాళ్ళు పెట్టుకున్న పేరుకు మేకపాట అని అర్థమని చెబితే, కురవి జాతర మేకలు యాదికొచ్చి మేమంతా నవ్వాము. చంపడం అక్కడ వేదిక మీద చూపించరు. ఎవరో వచ్చి ఆ వార్త చెబుతారు. నటులు ఇద్దరో ముగ్గురో కాబట్టి, ఒక్కరే తలకు తొడుక్కునే మొహాలు మార్చుకుని అన్ని వేషాలూ వేస్తారు.

సారు రాసిన కథ నీళ్ళ కోసం కొట్టుకునే అన్నదమ్ములది. సంగతి బాపు చెవిన పడింది. "ఆ సారు నన్ను నలుగుర్ల నవ్వులపాలు చేసిండనుకో, తెల్లారి నుంచి నీకు బడి బందు. పత్తి ఏరపో" అన్నాడు. ఉత్త బెదిరింపు కాదది. మా అక్క చదువు ఆయన ఒక్క మాటతోనే ఆగిపోయింది.

పాత కాగితాలు నానబెట్టి రుబ్బి, చింతగింజల జిగురుతో మేము చేసిన మొహాలు తలంతా కప్పేవి. కథలోని తమ్ముడి మొహంతో నేను మాట్లాడగానే బాపు నా గొంతు గుర్తుపట్టి మీసం సవరించుకున్నాడు. తమ్ముడు లోపలికి పోయాక అన్న వచ్చి, బొంగురు గొంతుతో వంతు ఇయ్యనన్నాడు. మా ఊరి భాగోతంలో ఒకరికి ఒకటే వేషం. అందుకే ఆ మొహం వెనక ఉన్నది మా బడిలోనే చదివే పెద్దబాపు కొడుకేనని బాపు అనుకున్నాడు.

"అయ్య బుద్ధులు యాడికి పోతయ్‌రా" అని ముందు వరుసలోంచి అరిచాడు. "గీ నీళ్ళల్లనే పడి సావాలె నువ్వు."

అవతలి వరుసలో పెద్దబాపు కాండ్రించి ఉమ్మాడు. గుంపు పిల్లలు ఊరి జనంలా అన్నదమ్ములను బతిమాలుతూ పాడారు. ఆ నాటకాల్లో గుంపు బతిమాలుతుందే గానీ ఎవరినీ ఆపలేదు. చివరికి మా తరగతి పిల్ల ఒకతె వచ్చి, తమ్ముడి చేతిలో అన్న చచ్చాడని, శవం బావిలో తేలిందని చెప్పింది.

"పీడ వోయింది" అని చప్పట్లు కొట్టింది బాపు ఒక్కడే.

అప్పుడు సారు అందరినీ మొహాలు తీసి వరుసగా నిలబడమన్నారు. పెద్దబాపు కొడుకు గుంపులో చివరన ఉన్నాడు. చచ్చిన అన్న మొహం తీసింది నేను. తమ్ముడి మొహం నా చంకలో ఉంది.

బాపు లేచి వేదిక దగ్గరికి వచ్చాడు. "నా బిడ్డను నా నోటితోనే సావుమనిపిస్తివి గద సారు."

"నేను అనిపియ్యలే పటేలా. చప్పట్లు గూడ నేను కొట్టుమనలే" అన్నారు సారు, ఏమాత్రం తగ్గకుండా.

బాపు నన్ను రెక్క పట్టుకుని ఇంటికి లాక్కుపోయాడు. నా కళ్ళ ముందు పత్తి చేనే కనబడింది. తెల్లారి నేను కదలకుండా గడప మీద కూర్చుంటే, బడి సంచి తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. "పో. ఆ సారు మొఖం మాత్రం నేను సూడ" అన్నాడు. చూడలేదు కూడా. అన్నతోనూ చివరిదాకా మాట్లాడలేదు, బావి దగ్గర తిట్లూ ఆగలేదు. కానీ సావుమనే మాట మళ్ళీ ఆయన నోట నేను వినలేదు.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నాను. ఎవరితోనైనా తగువు పడితే నా కోపం ఎడమ పేజీలో రాసి, అదే తగువును కుడి పేజీలో వాళ్ళు చెప్పినట్టుగా రాస్తాను. ఇప్పుడు జనగామలో మా పక్కింటావిడ తన మురుగునీళ్ళు మా గుమ్మం ముందుకే వదులుతుంది. ఆవిడంటే నాకు ఒళ్ళు మంట. నిన్న ఎడమ పేజీ ఇట్టే నిండిపోయింది. కుడి పేజీ ముందు చాలాసేపు పళ్ళు కొరుక్కుంటూ కూర్చుని, చివరికి ఆవిడ గొంతుతో "నేను" అని మొదలుపెట్టాను.